రెండో కాసులమ్మ

పోయిన వారం మనం కాసులమ్మను బస్సు దించి, హల్దియాపదర్‌లో పద్మిని అద్దెకుంటున్న మేడమెట్ల దగ్గర వదిలాం. మూడడుగుల పది అంగుళాల మనిషికి బరంపురంలో ఏ మెట్లయినా ఎత్తే. పద్మిని చెయ్యి అందించబోతే విదిలించి కొట్టి, మెట్టుకో తిట్టు చొప్పున ఇరవై రెండు మెట్లూ తనే ఎక్కింది. పైన నిలబడి, ఇంకా కింద సంచులు మోస్తున్న పద్మినిని చూసి, "ఇప్పుడు నానే పొడుగు" అని నవ్వింది.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి. పొడంపేటలో చేపలవాళ్ల ఇళ్ల మధ్య ఒక ఇంటిని ఊరంతా పొట్టోళ్లిల్లు అంటుంది. ఆ ఇంట తరానికి ముగ్గురో నలుగురో నాలుగడుగులు దాటరు. మిగతావాళ్లు అందరిలాగే పెరుగుతారు. పద్మిని అలాగే పెరిగింది, బరంపురంలో చదివింది, పరిశోధనలో చేరింది. చేరాక, ఊరు నవ్విన ఆ పొట్టితనం గుట్టు తేల్చాలని దాని వెంటే పడింది. నాలుగేళ్లకి తేలింది. మన తలలో ఒక చిన్న గ్రంథి పెరుగుదల హార్మోన్‌ని తయారుచేస్తుంది. అది వెళ్లి కాలేయానికి 'పెంచు' అని చెబితేనే ఒళ్లు పెరుగుతుంది. పొట్టోళ్లింట్లో ఆ హార్మోన్‌కి కరువేమీ లేదు, నలుగురికంటే ఎక్కువే ఉంది. కాలేయమే ఆ మాట వినిపించుకోదు. ఉత్తరం వస్తూనే ఉంటుంది, విప్పి చదివే దిక్కు లేదు.

అక్కడితో ఆగితే ఇదొక జబ్బు కథ అయ్యేది. కానీ 'పెంచు' అనే ఆ ఆజ్ఞ మనిషి పెరిగాక కూడా ఒంట్లో నడుస్తూనే ఉంటుంది. ముసలితనంలో పైబడే రోగాల్లో దానికీ చెయ్యి ఉందని చాలామంది అనుమానం. ఆ ఆజ్ఞ అందని ఎలుకలు ప్రయోగశాలల్లో తోటి ఎలుకల కంటే ఎక్కువ కాలం బతికాయి. మరి మనుషుల మాటేమిటి? పద్మిని దగ్గర పదకొండు మంది మనుషులున్నారు. వాళ్లలో తలమానికం కాసులమ్మ, పద్మిని తాతకి చెల్లెలు. రేషన్‌కార్డులో వయసు ఎనభై ఎనిమిది. రక్తం, గుండె, జ్ఞాపకం చూస్తే అరవై అయిదు దాటినట్టు లేవు. ఇవాళ పదిన్నరకి సభ. భువనేశ్వర్ నుంచి కమిటీ వస్తోంది. వాళ్లు ఊ అంటే పరిశోధన ఇంకో మూడేళ్లు సాగుతుంది. ఊహూ అంటే సాయంత్రానికి గదికి తాళం.

ఇంకొక్క మనిషిని గుర్తుపెట్టుకోండి, జగదీష్. బరంపురంలో క్లినిక్ పెట్టి, అదే హార్మోన్‌ని యవ్వనం పేరుతో సూదిమందుగా ముసలివాళ్లకి ఎక్కిస్తున్న పెద్దమనిషి. పద్మిని బోల్తా పడితే మొదటి చప్పట్లు ఆయనవే.

ఇక పొద్దున్న ఆరు గంటల దగ్గరికి వద్దాం.

*

పద్మిని లేచేసరికి కాసులమ్మ స్నానం చేసి, తల దువ్వుకుని, సభ కోసం పద్మిని కొనిచ్చిన బరంపురం పట్టుచీర కట్టుకుని కూర్చుంది. చీర అచ్చు ఆవిడ కోసమే నేసినట్టు పాదాల దగ్గర ఆగింది. అంత చక్కగా ఎలా ఆగిందో పద్మినికి ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. మంచం మీద కత్తెర ఉంది. దాని పక్కన జానెడు వెడల్పు పట్టుముక్క మడతపెట్టి ఉంది.

"మామ్మా! పట్టుచీర కోసీసినావా?"

"మరేటి సెయ్యమంతావు? సీరకోసం నాను పెరగనా?"

కాసులమ్మకి ఇది కొత్త కాదు. కట్టిన ప్రతి చీరనీ తన ఎత్తుకి కోసి, అంచు కుట్టుకుని, కోసిన ముక్కని నెత్తిన చేపల గంపకింద చుట్టకుదురు చేసుకుని యాభై ఏళ్లు బతికింది. ఎవరి పాత బట్టా కట్టలేదు, చిన్నపిల్లల గౌను తొడగలేదు. ఒడ్డున చేపల వేలానికి నిలబడితే ఆవిడ కనపడేది కాదు గానీ ఆవిడ గొంతు మాత్రం ఊరి పక్క నది అవతలికి కూడా వినిపించేది. పొట్టి కాసులు అని వెనక నవ్వినవాళ్లే ధర దగ్గరికి వచ్చేసరికి కాసులమ్మప్పా అని ఎదర నిలబడేవారు. పద్మినికి మామ్మ అంటే ప్రేమ ఉంది, భయం ఉంది, అన్నిటికంటే గర్వం ఉంది. ఆ గర్వంతోనే పట్టుముక్క తీసి జాగ్రత్తగా తన సంచిలో పెట్టుకుంది.

తర్వాత ఒక కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టింది. సభలో తన ఫొటో చూపించడానికి ఒప్పుకుంటున్నట్టు కాసులమ్మ సంతకం చెయ్యాలి.

"ఇంకు డబ్బా ఏదే?" అంటూ ఆవిడ బొటనవేలు చాపింది.

"ఇయ్యాల ఏలిముద్ర వొద్దు మామ్మా. పెద్దోల్లు సూస్తారు. సంతకం పెట్టు."

"నాకు సంతకమొచ్చేటి?"

"మూడో తరగతి దాకా సదివినదానివి. పేరు రాయడం కూడా మర్సిపోనావేటి?"

"ఎవులు సదివినారే మూడో తరగతి?"

పద్మిని నవ్వింది. "నువ్వే. బడి రిజిస్టరు నా కళ్లతో సూసినాను. అసిరయ్య కూతురు కాసులమ్మ, ఆరేల్లు అనీసి ఉన్నాది. వలలు మొయ్యలేవని బడికి పంపినారంట కదా."

కాసులమ్మ చాపిన వేలు వెనక్కి తీసుకుంది.

"అది నాను కాదు" అంది.

"మరెవులు?"

"మా అప్ప."

పద్మినికి తెలిసి ఆ ఇంట్లో తన తాతే పెద్దవాడు. ఆయనకి ముందు ఒక ఆడపిల్ల పుట్టిందన్న మాట తన ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరి నోటా వినలేదు.

"నీకు అప్పేటి మామ్మా?"

"ఉండీది. మీ తాతకంటే ముందు. నాలాగే పొట్టి. ఆవిడి పేరే నాకెట్టినారు. పిల్ల సచ్చిపోతే ఎనక పుట్టిన పిల్లకి ఆ పేరే ఎట్టాల మన ఇల్లల్లో. ఎట్టినాక ఇంక ఆ పోయినోల్ల ఊసు ఎత్తకూడదు. ఎత్తితే ఉన్న పిల్ల కూడా నిలవదంతారు. అందుకే నీకు ఎవులూ సెప్పనేదు."

"సచ్చిపోనాదా?"

"పదకొండేల్లకి. జొరమొచ్చి." కాసులమ్మ పెన్ను తీసి మూత పెట్టేసింది. "ఆవిడి ఎల్లిన ఏడే నాను పుట్టినాను. సొతంత్రమొచ్చిన మర్సటేడు."

పద్మిని లెక్క కట్టాలని అనుకోలేదు. లెక్క దానంతటదే పడిపోయింది. డెబ్బై ఏడు. ఎనభై ఎనిమిది కాదు. డెబ్బై ఏడేళ్ల మనిషికి అరవై అయిదేళ్ల రక్తం ఉంటే సంతోషించాల్సిందే గానీ, దానికోసం భువనేశ్వర్ నుంచి కమిటీ రానక్కర్లేదు. పొడంపేటలో అలాంటివాళ్లు ఒడ్డుమీద పదిమంది దొరుకుతారు.

కార్డు చూసి ఊరుకోలేదే తను! ఎవరైనా అడుగుతారని బడికి వెళ్లి, చెదలు పట్టిన రిజిస్టరు దులిపి, తేదీలు సరిచూసింది. కార్డూ రిజిస్టరూ కలిశాయి, రెండు సాక్ష్యాలు ఉన్నాయని మురిసిపోయింది. ఇప్పుడు తెలిసింది. ఏనాడో రేషన్‌కార్డు రాసిన గుమాస్తా కూడా ఆ రిజిస్టరు చూసే వయసు రాసుకుపోయి ఉంటాడు. రెండనుకున్నది ఒక్కటే సాక్ష్యం. ఆ ఒక్కటీ ఇంకొకరిది.

"ఇన్నాల్లూ నాకెందుకు సెప్పలేదు మామ్మా?" అంది పద్మిని.

"నువ్వడిగినావా? రగతం కావాలన్నావు, ఇచ్చినాను. ఊపిరి బిగపట్టమన్నావు, పట్టినాను. ఆ గొట్టంలాటి మిసన్‌లో దూరమన్నావు, దూరినాను. వయసు మాత్తరం నన్నడగనేదు. కాయితాన్ని అడిగినావు."

"ఎనబై ఎనిమిదని నాను అందరికీ సెప్తూంటే ఇన్నావు కదా?"

కాసులమ్మ కొంగు సర్దుకుంటూ తల దించుకుంది. ఆవిడ సిగ్గుపడటం పద్మిని అంతకుముందు చూసి ఎరగదు.

"ఇన్నాను. బాగున్నాదే నాకు. పుట్టిన కాడ్నుంచి పొట్టి, పొట్టి అన్నోల్లు, ఎనబై ఎనిమిదనగానే నోరు తెరిసి సూసినారు. నాకన్నా ఆరేల్లు పెద్దోడు, మన పక్కింటి సావుకారు, నా కాల్లకి దండమెట్టినాడు. వొద్దనబుద్ది కానేదు."

కోప్పడదామనుకుంది పద్మిని. కానీ ఏ మొహంతో కోప్పడుతుంది? ఆ అంకె చెప్పిన ప్రతిసారీ తనకీ బాగానే ఉండేది.

*

తొమ్మిదిన్నరకి లోకనాథ్ గారి గదిలో ఫ్యాను తిరుగుతోంది, ఆయన కాఫీ చల్లారుతోంది. పద్మినికి పరిశోధన నేర్పిన గురువు ఆయనే. మార్చిలో ఉద్యోగం నుంచి దిగిపోతారు. ఇది ఆయన చివరి పని, ఆ సంగతి ఆయన రోజుకోసారైనా అనకుండా ఉండరు. పద్మిని చెప్పిందంతా విని, తలుపు దగ్గరికి వెళ్లి, అది వేసి ఉందో లేదో చూసి వచ్చారు.

"ఇది ఎవరికి తెలుసమ్మా?"

"మామ్మకి. నాకు. ఇప్పుడు మీకు."

"కార్డులో ఎంతుంది?"

"ఎనభై ఎనిమిది."

"రిజిస్టరులో?"

"అంతే పడుతుంది సార్."

"అయితే అంతే. మనం కాగితాల్ని నమ్మి పనిచేస్తాం పద్మినీ. ఒక ముసలావిడ పొద్దున్నే ఏదో గుర్తొచ్చి చెప్పిందని నాలుగేళ్ల పని నేలపాలు చేస్తామా? సభ అయిపోనీ. అనుమతి రానీ. నెల తర్వాత మెల్లగా ఒక సవరణ రాసి పంపుదాం. ఎవరూ చదవరు."

"అనుమతి ఆ అంకె చూసి ఇస్తారు సార్."

"ఇస్తే ఇవ్వనీ!" ఆయన బల్ల మీద అరచేత్తో కొట్టారు. వెంటనే గొంతు తగ్గించారు. "నువ్వు ఒక్కదాని వయసు తప్పంటే మిగతా పదిమంది వయసులూ తప్పేమో అంటారు. ఆ జగదీష్ మొదటి వరసలో కూర్చుంటాడు. రేపట్నుంచి అతని క్లినిక్ ముందు బోర్డు మీద మన పేర్లుంటాయి. ఆ సూదులు పొడిపించుకునే ముసలివాళ్ల గురించి ఆలోచించావా? వాళ్లకి చెప్పేవాళ్లం మనమొక్కళ్లమే. మన నోరు పోతే?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే అది పద్మినికి గట్టిగా తగిలింది. ఆమె కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉంది. కిటికీలోంచి కింద చెట్టునీడలో కాసులమ్మ కనిపిస్తోంది. వాచ్‌మన్ స్టూలు వేస్తే, వద్దని చెప్పి, గోడకి ఆనుకుని నిలబడింది.

"సార్, మా ఇంటివాళ్లని ఊరు ఎప్పుడూ తప్పు కొలతతోనే కొలిచింది" అంది. "ఎత్తు చూసి మనిషిని తేల్చేసింది. నేను పొడుగ్గా పుట్టి, చదువుకుని, ఇంకో తప్పు కొలత తెచ్చి వాళ్లని గొప్పవాళ్లని చెయ్యనా? అలాంటి గొప్ప వాళ్లకక్కర్లేదు. నాకూ అక్కర్లేదు."

"ఆవిడ వయసున్న స్లైడు తీసేస్తావా?"

"తియ్యను. చూపించి, తప్పని చెబుతాను."

లోకనాథ్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "అలా చెబితే నేను వేదిక మీద ఉండను" అన్నారు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి అలా అంటే శిష్యులు తల దించుకుంటారు. పద్మిని దించుకోలేదు. నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

*

హాలు నిండింది. చివరికి వేలిముద్రే వేసి కాసులమ్మ ఒప్పుకున్న ఫొటో గోడమీద నిలువెత్తు కంటే పెద్దదిగా వేలాడుతోంది, కింద ఎనభై ఎనిమిది అన్న అంకె ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది. కమిటీకి పెద్ద, డాక్టర్ పుణ్యవతి. తెల్లజుట్టు, తక్కువ మాటలు, చేతిలో ఎర్ర పెన్సిల్. జగదీష్ రెండో వరసలో కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. లోకనాథ్ గారు అన్నంత పనీ చేశారు, వేదిక దిగి మొదటి వరస చివర కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆయన పక్కన, నేలకి కాళ్లు అందని కుర్చీలో కాసులమ్మ.

పద్మిని మైకు ముందుకొచ్చింది. నాలుగు వారాలుగా కంఠస్థం చేసిన మొదటి వాక్యం పక్కన పెట్టేసింది.

"అక్కడ రాసిన వయసు తప్పు" అంది ఒడియాలో. "ఈవిడకి డెబ్బై ఏడేళ్లు. తప్పు ఈవిడది కాదు, నాది."

హాలంతా ఒక్కసారి గుసగుసలతో కదిలింది. పద్మిని ఆగకుండా చెప్పింది. పేరు ఎలా వచ్చిందో చెప్పింది, రిజిస్టరు ఎవరిదో చెప్పింది, తను ఒక్కసారి కూడా ఆవిడనే అడగాలని అనుకోలేదని చెప్పింది. చెబుతున్నంతసేపూ పుణ్యవతి మొహం చూడలేదు. కాసులమ్మ మొహమే చూసింది.

జగదీష్ లేచాడు. లేవడానికి ఎవరి అనుమతీ అడగలేదు.

"పదకొండేళ్ల తేడా! దీన్ని పరిశోధన అంటారా?" అని నవ్వాడు. "చూడండి, సంగతి తేలిక. వయసు పెరిగేకొద్దీ ఈ హార్మోన్ తగ్గుతుంది. తగ్గినదాన్ని మేం నింపుతాం, మనిషి లేచి తిరుగుతాడు. హార్మోన్ పనిచెయ్యకపోవడమే మంచిదని ఈ అమ్మాయి ఒక పొట్టి ముసలమ్మని చూపించి చెప్పింది. ఇప్పుడు ఆ ముసలమ్మ అంత ముసలమ్మ కూడా కాదంటోంది. ఇంకేం మిగిలింది?"

కొందరు నవ్వారు. పొట్టి ముసలమ్మ అన్న మాట దగ్గర పద్మిని పిడికిలి బిగుసుకుంది. కానీ జవాబు చెప్పమని అడిగింది జగదీష్ కాదు, పుణ్యవతి.

"ఆయన ప్రశ్న మంచిదే" అంది ఆవిడ ఎర్ర పెన్సిల్ పైకెత్తి. "తెరమీద పట్టికలో ఆవిడ వరస పూర్తిగా కొట్టెయ్. ఏం మిగిలింది?"

పద్మిని కాసులమ్మ వరస కొట్టేసింది. తెరమీద పదిమంది మిగిలారు.

"ఎక్కువ ఏళ్లు బతుకుతారని నేను ఇంక అనను మేడమ్. అనడానికి నా దగ్గర ఆధారం లేదు" అంది. "మిగిలింది ఇది. ఈ పదిమందిలో ఒక్కరికీ షుగర్ లేదు. ఒక్కరికీ క్యాన్సర్ రాలేదు. వీళ్ల తోడబుట్టినవాళ్లు, అదే ఇల్లు, అదే చేప, అదే అన్నం, ఇరవై ఆరుగురు. అందులో తొమ్మిది మందికి షుగర్. ఇద్దరు క్యాన్సర్‌తో పోయారు. రోగం ఉందో లేదో పరీక్ష చేసి నేనే చూశాను, దానికి ఏ కార్డూ అక్కర్లేదు. పదిమంది తక్కువే, ఒప్పుకుంటాను. వీళ్ల వయసులు కూడా మళ్లీ తేల్చాలి. అందుకే మూడేళ్లు అడుగుతున్నాను." అప్పుడు జగదీష్ వైపు తిరిగింది. "తగ్గింది కాబట్టి నింపాలి అంటున్నారు. ఒళ్లు ఎందుకు తగ్గించుకుంటుందో మీకు తెలుసా? నాకు ఇంకా తెలీదు. తెలీనప్పుడు నేను ఎవరికీ సూది పొడవను."

ఈసారి నవ్వినవాళ్లు జగదీష్ వైపు చూసి నవ్వారు. ఆయన కూర్చున్నాడు.

అప్పుడు మొదటి వరస చివర కుర్చీ కిర్రుమంది. లోకనాథ్ గారు లేచి, నెమ్మదిగా మెట్లెక్కి, వేదిక మీదికొచ్చి పద్మిని పక్కన నిలబడ్డారు. "ఆ రిజిస్టరు నకలు మీద నా సంతకం కూడా ఉంది" అన్నారు మైకులో. "తప్పు ఒక్క అమ్మాయిది కాదు, నాది కూడా. అది చెప్పే ధైర్యం మాత్రం ఈ అమ్మాయిది ఒక్కదానిదే." ఇలాంటి గురువు దగ్గర నేర్చుకున్నందుకు పద్మినికి గుండె నిండిపోయింది. పొద్దున్న తలుపు వేసి ఉందో లేదో చూసుకున్న మనిషిని ఆ క్షణంలోనే పూర్తిగా క్షమించేసింది.

పుణ్యవతి ఏదో రాసుకుంది, తలెత్తింది.

"ముప్పై ఏళ్లలో నా ముందు నిలబడి తమ పెద్ద అంకెని తామే కొట్టేసినవాళ్లని నేను చూడలేదు" అంది. "మూడేళ్లు ఇస్తున్నాం. ఒకటే షరతు. ప్రతి మనిషి వయసూ మనిషిని అడిగి, ఇంకో సాక్ష్యంతో తేల్చాలి."

చప్పట్లు మోగాయి. వెనక వరసల్లో విద్యార్థులు లేచి నిలబడ్డారు. పద్మిని వేదిక దిగి పరుగున వచ్చి కాసులమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఇప్పుడు ఇద్దరి మొహాలూ సమానంగా ఉన్నాయి.

"మామ్మా, ఇచ్చినారు!"

కాసులమ్మ నవ్వలేదు. పద్మిని బుగ్గమీద చెయ్యి వేసి తడిమింది.

"గొప్ప పని సేసినావు. మన ఇంట్లో ఇంత పొడుగు మనిసి ఎవులూ పుట్టనేదు" అంది. తర్వాత కుర్చీమీంచి జారి దిగింది. "జరుగు. నానూ మాటాడాల."

"ఏటి మాటాడతావు?"

"నువ్వందరి ముందరా నిజం సెప్పినావు. నాను నీకు పొద్దుట అబద్దం సెప్పినాను. అది కడుపులో ఎట్టుకుని ఇంటికెల్లలేను."

ఎవరో మైకు వంచబోయారు. కాసులమ్మ దాన్ని పట్టించుకోలేదు. యాభై ఏళ్లు ఒడ్డుమీద వేలం పాడిన గొంతుకి మైకు దేనికి? పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని, తన నిలువెత్తు ఫొటో కిందే నిలబడి, పుణ్యవతికి అర్థం కావాలని ముందు ఒడియాలో, పద్మినికి సూటిగా తగలాలని మళ్లీ తెలుగులో చెప్పింది.

"ఆజ్ఞా" అంది, ఒడియావాళ్లు పెద్దల్ని పిలిచినట్టు. "మా అప్ప సచ్చిపోనేదు."

హాల్లో చప్పట్ల చివరి ముక్క ఎక్కడికక్కడ ఆగిపోయింది.

"జొరమూ నేదు, ఏటీ నేదు. సర్కస్ కంపెనీ వొచ్చినాది బరంపురం. పొట్టి పిల్ల, ఎవులు సేసుకుంతారు, ఏ పని సేస్తాది అనీసి మా అయ్య ఆవిడిని ఆల్లకి ఒప్పసెప్పీసినాడు. పదకొండేల్ల పిల్లని. ఊర్లో సచ్చిపోనాదని సెప్పినాడు. ఆ ఏడే నాను పుడితే ఆ పేరు నాకెట్టి, ఆవిడి ఊసు మాపీసినారు. మా అమ్మ పోయీముందు నా ఒక్కదానికే సెప్పినాది."

"ఆవిడ తర్వాత ఏమైంది?" పుణ్యవతి లేచి నిలబడింది.

"ఉన్నాది. నానే ఎతికి పట్టుకున్నాను, దిగపహండి ఊర్లో ఉన్నాది. ఎనబై ఎనిమిదేల్లు. కల్లజోడు నేకుండా సూదిలో దారం ఎక్కించుకుని బొంతలు కుడతాది. ఏడాదికోపాలి ఎల్లి సూసొస్తాను. మా ఇంటి మనుసులు ఇంకెవులొచ్చినా తలుపు తియ్యనంతాది."

లోకనాథ్ గారు వేదిక దిగి వచ్చి పద్మిని భుజం పట్టుకున్నారు. పద్మినికి ఆ పట్టు తెలియలేదు. పొద్దున్న తను పోగొట్టుకున్న ఎనభై ఎనిమిదేళ్ల కాసులమ్మ ఎక్కడో బొంత కుడుతోంది. కానీ ఆమె గుండెల్లో మెదిలింది ఆ అంకె కాదు. సర్కస్ గుడారం ముందు తండ్రి చెయ్యి వదిలేసిన పదకొండేళ్ల పిల్ల. ఆ ఇంటి పేరు చెప్పుకుని పొద్దుట్నుంచీ తను గర్వపడుతూనే ఉంది.

"పోయిన ఆదివారం ఎల్లినాను" అంది కాసులమ్మ. ఇప్పుడు ఆవిడ గొంతు వేలం గొంతులా లేదు. "సభ ఉన్నాది, నా పొటో ఎడతారు, పేరు పెద్దచ్చరాల్తో ఏస్తారని సెప్పినాను. గొప్పకి సెప్పినాను. అంతా ఇన్నాది. ఇని ఒక్క మాటే అడిగినాది. 'ఆ పేరు నాది. నాకు ఇచ్చీ' అన్నాది. అప్పుడు ఇవ్వనన్నాను. డెబ్బయ్యేడేల్లు మోసినాను, నాదే అన్నాను. ఇయ్యాల ఈ గుంట తన పెద్ద అంకిని అందరెదటా ఇచ్చీసింది. అది సూసినాక నానెలాగ దాసుకుంతాను? ఇచ్చీస్తన్నాను. మీరందరూ సాచ్చికం. రేపు నా మనవరాల్ని ఎంటెట్టుకెల్లి ఆవిడి గుమ్మంలో ఇదే మాట సెప్తాను. తలుపు తీస్తాదో తియ్యదో తెల్దు."

పుణ్యవతి ఎర్ర పెన్సిల్ తీసింది, తెరమీద కొట్టేసిన వరస వైపు చూసింది, కాసులమ్మ వైపు చూసింది. సొంత పిన్నిని పిలిచినంత మర్యాదగా, ఒడియాలో అడిగింది.

"మరి మీ పేరు ఏమని రాసుకోమంటారు, మౌసీ?"

జవాబు కోసం ఏనాడూ తడుముకోని ఆ డెబ్బై ఏడేళ్ల మనిషి నోరు తెరిచింది. మాట రాలేదు. పద్మిని వైపు తిరిగి చూసింది.